మన శిల్పాలు ఢిల్లీలో ఎందుకుండాలి? నేషనల్ మ్యూజియం వల్ల గుంటూరులో ఉన్నవాళ్లకు ఒరిగేదేమిటి?

కొత్తగా చదివేవాళ్ల కోసం ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. సెలవుల్లో కుటుంబంతో ఢిల్లీ వెళ్లారు. నేషనల్ మ్యూజియంలో బౌద్ధ శిల్పాల మధ్య నాగార్జునకొండ ఫలకాలు కనబడ్డాయి. గుంటూరు వాళ్లు కదా, ముందు సంతోషం వేసింది, ఆ వెనకే ఉక్రోషం వచ్చింది. "మన రాళ్లు ఇక్కడెందుకు? తిరిగి ఇచ్చేస్తే పోదా? ఇంత పెద్ద సంస్థ వల్ల మా ఊళ్లో ఉన్నవాడికి ఏం లాభం?" అని అడిగారు. హిస్టరీతో డిగ్రీ చదువుతున్న మీ అబ్బాయికి ఈ రంగంలో దారి ఉందా అని కూడా చివర్లో రాశారు.

నేను మ్యూజియాల్లోనే పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను. గ్యాలరీలో వచ్చినవాళ్లకు వివరించడం, లేబుళ్లు రాయడం, రిజిస్టర్లు చూడటం, బయటి ప్రదర్శనలకు వెళ్లే శిల్పాలకు దగ్గరుండి పెట్టెలు కట్టించడం, ఇవీ నేను చేసిన పనులు. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

జవాబు ముందే చెప్పేస్తాను. జాతీయ మ్యూజియం ఉండాలి. అందులో మన శిల్పాలు కొన్ని ఉండాలి. కానీ అవి అక్కడే పాతుకుపోకూడదు. ఆ సంస్థ నిలబడిందే రాష్ట్రాల నుంచి, చిన్న మ్యూజియాల నుంచి తెచ్చుకున్న అరువు మీద. ఆ అరువు తీర్చడమే దాని పని: శిల్పాలను వంతులవారీగా మన దగ్గరికి పంపాలి, చిన్న మ్యూజియాల సిబ్బందికి పని నేర్పాలి, మనకు మన భాషలో చెప్పాలి. "మొత్తం ఇచ్చేయండి" అనడం కంటే ఇలా అడగడానికే మనకు ఎక్కువ హక్కు ఉంది.

అరువు అన్నమాట ఊరికే వాడలేదు. 1946లో సర్ మారిస్ గ్వయర్ కమిటీ దేశానికొక జాతీయ మ్యూజియం ఎలా ఉండాలో పథకం తయారు చేసింది. అందుకు తగిన సేకరణ మాత్రం అప్పటికి చేతిలో లేదు. 1947-48 చలికాలంలో లండన్ రాయల్ అకాడమీలో భారతీయ కళా ప్రదర్శన పెట్టారు. దానికోసం దేశంలోని మ్యూజియాల నుంచి, ప్రైవేటు సేకర్తల నుంచి మేలైన వస్తువులు ఏరి పంపారు. అవి తిరిగొచ్చాక, ఎవరివి వాళ్లకు చేర్చేముందు ఢిల్లీ జనం కూడా చూస్తారని ఇప్పటి రాష్ట్రపతి భవన్ గదుల్లో పెట్టారు. జనం విరగబడి వచ్చారు. అప్పుడే ఈ వస్తువులనే పునాదిగా చేసుకుందామన్న నిర్ణయం జరిగింది. ఇచ్చినవాళ్లను "కానుకగా ఇవ్వండి, లేదా అరువుగా ఉంచండి" అని అడిగారు. ఎక్కువమంది మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు. 1949 ఆగస్టు 15న గవర్నర్ జనరల్ హోదాలో రాజాజీ దాన్ని ప్రారంభించారు.

ఇది నాకు చాలా ముఖ్యమైన సంగతిగా కనిపిస్తుంది. లండన్ మ్యూజియాల్లాగా రాజ్యాలు జయించి తెచ్చుకున్న సొత్తుతో పుట్టలేదది. అప్పుడప్పుడే స్వాతంత్ర్యం వచ్చిన దేశంలో, తమ దగ్గరున్న మంచి వస్తువును పక్కవాడు కూడా చూడాలని జనం నమ్మి ఇస్తే పుట్టింది.

ఆ తర్వాత కథ త్వరగా చెప్పొచ్చు. 1955 మే 12న జనపథ్‌లో ఇప్పటి భవనానికి నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1957 దాకా పురావస్తు శాఖ చేతిలో ఉన్న సంస్థ ఆ ఏడాది విడివడి విద్యాశాఖ కిందికి వచ్చింది. 1960 డిసెంబరు 18న కొత్త భవనాన్ని అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. అక్కడ తొలి డైరెక్టరు గ్రేస్ మార్లీ, అమెరికా ఆవిడ. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆధునిక కళా మ్యూజియాన్ని నడిపిన అనుభవంతో వచ్చారు. వస్తువుల్ని కిక్కిరిసేలా పేర్చకుండా, ఒక్కో శిల్పానికి చుట్టూ చోటు, మంచి వెలుతురు ఇచ్చి పెట్టే పద్ధతి మన మ్యూజియాలకు అలవాటు కావడంలో ఆమె పాత్ర పెద్దది. 1989లో మ్యూజియం పని నేర్పే విద్యాసంస్థ కూడా దానికి తోడైంది. ఇప్పుడు సేకరణ 2 లక్షలు దాటింది. గ్యాలరీల్లో కనబడేది అందులో కొద్ది భాగమే. మిగతాదంతా స్టోర్లలో ఉంటుంది. ఇది ఢిల్లీ తప్పేం కాదు, ప్రపంచంలో ఏ పెద్ద మ్యూజియం అయినా అంతే. అయితే మన కోరికకు బలం ఇక్కడే ఉంది. దాని సంగతి కింద రాస్తాను.

మన రాళ్లు చెదిరింది నేషనల్ మ్యూజియం వల్ల కాదు

ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కోపం తప్పు చోటికి పోకూడదు.

జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి అమరావతికి రాజధాని మార్చుకున్నప్పుడు, ఊరు కట్టడానికి రాయి కావాల్సి వచ్చింది. పక్కనే పాత బౌద్ధ స్తూపం ఉన్న దిబ్బ. దాన్ని తవ్వారు. చెక్కడం పలకలు గోడల్లోకి, మెట్లలోకి వెళ్లాయి, కొన్ని సున్నం బట్టీల్లో కాలాయి. పల్నాటి సున్నపురాయి మరి, కాలిస్తే మంచి సున్నమవుతుంది. 1797 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ దాన్ని మొదటిసారి చూశాడు. 1816లో మళ్లీ మనుషులతో వచ్చి బొమ్మలు గీయించాడు. అప్పటికే దిబ్బ మధ్యలో చెరువు తవ్వి ఉంది. మెకంజీ గీయించిన ఆ బొమ్మలే దిక్కయిన శిల్పాలున్నాయి, అసలు రాళ్లు ఈనాడు ఎక్కడా లేవు.

తర్వాత రాబర్ట్‌సన్ అనే అధికారి కొన్ని పలకల్ని బందరు తీసుకెళ్లి అంగడి మధ్యలో అలంకారంగా నిలబెట్టించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే మరో అధికారి తవ్వించినవి మద్రాసు చేరి, వాటిలో 121 రాళ్లు 1859లో లండన్ వెళ్లాయి. అక్కడ వాటిని పట్టించుకున్నవాళ్లు లేక చాలాకాలం ఫైఫ్ హౌస్ అనే చోట బండ్లు పెట్టుకునే కొట్టంలో పడున్నాయి. 1880లో గాని బ్రిటిష్ మ్యూజియానికి చేరలేదు. మద్రాసులో మిగిలినవాటిని గోడల్లో సిమెంటుతో బిగించారు. ఆ సిమెంటు వల్ల, చెమ్మ వల్ల రాయి దెబ్బతింది. వాటిని మళ్లీ బాగుచేయడం తర్వాతి తరాల నిపుణులకు పెద్ద పని అయింది.

వీటన్నిటికీ చాలా ఏళ్ల తర్వాత పుట్టింది ఢిల్లీ మ్యూజియం. మనవాళ్లు కాల్చింది కొంత, తెల్లవాళ్లు మోసుకెళ్లింది కొంత, నిర్లక్ష్యం తిన్నది కొంత. ఒక బాధ్యతగల సంస్థ లేకపోతే జరిగేది ఇదే.

నాగార్జునకొండ దీనికి పూర్తి విరుద్ధం. 1955 డిసెంబరు 10న సాగర్ డ్యామ్‌కు శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖకు చెందిన ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయంతా తవ్వారు. ముఖ్యమైన కట్టడాల్ని రాయి రాయి విప్పి కొండ మీదికి, దగ్గర్లోని అనుపు అనే చోటికి చేర్చి మళ్లీ కట్టారు. శిల్పాల్లో అత్యధిక భాగం ఆ కొండ మీది మ్యూజియంలోనే ఉంది, అంటే మన దగ్గరే. మీరు ఢిల్లీలో చూసినవి అందులో కొన్ని మాత్రమే. కృష్ణా ఒడ్డున చెక్కిన ఇక్ష్వాకుల కాలపు రాయిని అస్సాం పిల్లవాడు, పంజాబ్ పిల్లవాడు కూడా చూడాలంటే అలా కొన్ని రాజధానిలో ఉండటం సబబే. మథుర, గాంధార శిల్పాల పక్కన మన శిల్పం నిలబడితేనే, మనవాళ్లు సన్నటి నడుములు, వంపు తిరిగిన ఒంట్లు, ఒక్క అంగుళం ఖాళీ వదలని గుంపులు ఎంత నేర్పుగా చెక్కారో తెలుస్తుంది. నేను ఎన్నోసార్లు మన శిల్పాలు చూసినవాణ్ణే అయినా, ఆ తేడా నాకు కళ్లకు కట్టింది అక్కడే.

"తిరిగి ఇచ్చేయండి" అనేముందు ఆలోచించాల్సినవి

మొదటిది, ఎవరిని అడుగుతున్నామో తెలియాలి. అమరావతి, నాగార్జునకొండ మ్యూజియాలు కేంద్ర పురావస్తు శాఖవి. 2022లో జిల్లాలు మారాక రెండూ పల్నాడు జిల్లాలోకి వచ్చాయి. విజయవాడ బందరు రోడ్డు మీది బాపు మ్యూజియం రాష్ట్ర ప్రభుత్వానిది. ఢిల్లీ నేషనల్ మ్యూజియం కేంద్ర సాంస్కృతిక శాఖ కింద ఉన్న వేరే సంస్థ. చెన్నై మ్యూజియం తమిళనాడుది. లండన్ సంగతి చెప్పక్కర్లేదు, అక్కడ 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టమే అడ్డు. వస్తువును శాశ్వతంగా వదులుకోవడానికి ఆ చట్టం దాదాపు ఒప్పుకోదు. ఢిల్లీతో అలాంటి పేచీ లేదు. రెండు ప్రభుత్వాలు మనసు పెడితే జరిగే పని. అందుకే మన పట్టుదల ముందు ఢిల్లీ మీద పెట్టడం తెలివైన పని.

రెండోది భద్రత. ప్రకాశం జిల్లా చందవరంలో స్తూపం దగ్గర చిన్న మ్యూజియం ఉంది. 2001లో అక్కడ దొంగతనం జరిగింది. బుద్ధుణ్ణి పూజిస్తున్న భక్తుల ఫలకం చేతులు మారి మారి, ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ దాన్ని డబ్బు పెట్టి కొనుక్కునే దాకా వెళ్లింది. అది చందవరంలో ఉన్నప్పటి ఫోటో దొరికింది కాబట్టి 2016లో వాళ్లు తిరిగి ఇచ్చారు. ఫోటో లేకపోతే? ఏ సంత నుంచో వచ్చిన రాయిగా మిగిలిపోయేది. రిజిస్టర్లో నంబరు, కొలతలు, నాలుగు వైపులా ఫోటో. ఈ మూడూ లేని శిల్పం పోయిన రోజున మనది అని నిరూపించలేం. మా పనిలో కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఇదే.

మూడోది, మనసుకు సంబంధించింది. దేశ విభజనప్పుడు మొహెంజొదారో వస్తువుల్ని కూడా రెండు దేశాలు పంచుకున్నాయి. ఒక హారాన్ని తెంచి పూసలు చెరిసగం తీసుకున్నారు. ఒక సగం ఢిల్లీలోనే ఉంది. "ఎవరిది" అన్న ప్రశ్న ఒక్కటే పట్టుకుంటే చివరికి అక్కడికే చేరతాం. తెలుగు రాష్ట్రాలు విడిపోయాక మనం కూడా ఈ పంపకాల గొడవ కొంత చూశాం.

మరి ఏం అడగాలి?

అరువు అడగాలి. మ్యూజియం భాషలో లోన్ అంటాం. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రాచీన బౌద్ధ కళా ప్రదర్శన జరిగింది. తెలంగాణలోని ఫణిగిరి నుంచి, అమరావతి, నాగార్జునకొండల నుంచి శిల్పాలు అక్కడికి వెళ్లాయి, జనం చూశారు, ప్రపంచమంతా రాసింది. అట్లాంటిక్ దాటి వెళ్లగలిగిన రాయి విజయవాడకు రాలేదా?

అది ఎలా జరుగుతుందో తెలిస్తే, ఎందుకు కష్టమంటారో కూడా తెలుస్తుంది. శిల్పం కదిలేముందు కండిషన్ రిపోర్ట్ రాస్తాం. ఏ వేలు విరిగి ఉంది, ఎక్కడ వెంట్రుకవాసి బీట ఉంది, ఎక్కడ రాయి పొరలు లేస్తోంది, అన్నీ ఫోటోల మీద గుర్తులు పెడతాం. దాని ఆకారానికి సరిపోయేలా లోపల ఫోమ్ కోసి చెక్క పెట్టె కట్టిస్తాం. బీమా చేయిస్తాం. ఒక అధికారి ఆ పెట్టె వెంటే ప్రయాణం చేస్తాడు. దిగినచోట పెట్టె విప్పి, అదే రిపోర్ట్ ముందు పెట్టుకుని ఇద్దరూ చూసి సంతకాలు పెడతారు. తీసుకునేవాళ్ల భవనంలో కెమెరాలు, రాత్రి కాపలా, నిప్పు జాగ్రత్త, చెమ్మ అదుపు ఉన్నాయో లేవో ముందే చూస్తారు. మన వేసవికి, మన వానలకు తట్టుకునే గది ఒక్కటి జిల్లాకొకటి ఉన్నా చాలు, ఢిల్లీ "కుదరదు" అనడానికి కారణం ఉండదు. కాబట్టి మన ఎమ్మెల్యేలను, ఎంపీలను అడగాల్సింది ముందు ఆ గది. శిల్పం ఆ వెనకే వస్తుంది.

నిప్పు గురించి ఒక మాట. 2016లో ఢిల్లీలోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం ఒక్క రాత్రిలో కాలిపోయింది. 2018లో బ్రెజిల్ జాతీయ మ్యూజియం కాలిపోయింది. అన్నీ ఒకే కప్పు కింద ఉంచడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టే తెలుస్తుంది. సేకరణ కొంత జిల్లాల్లో ఉండటం జాతీయ మ్యూజియానికే మంచిది. ఇప్పుడు ఢిల్లీ సచివాలయంలోని నార్త్ బ్లాక్, సౌత్ బ్లాక్ భవనాల్లో 'యుగే యుగీన్ భారత్' పేరుతో కొత్త జాతీయ మ్యూజియం తలపెట్టారు. దానికోసం వస్తువుల్ని కదిలించేటప్పుడు ఎలాగూ ప్రతిదాన్నీ పెట్టెలోంచి తీసి చూడాలి. స్టోర్లో ఉండిపోయినవాటిలో ఏది ఏ ఊరిదో ప్రకటించి, ఆ ఊరి దగ్గర్లోని మ్యూజియానికి కొన్నేళ్లపాటు అరువివ్వడానికి ఇంతకంటే మంచి అదను రాదు.

లేబుల్ సంగతి

ఇది నాకు ప్రాణం లాంటి విషయం, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను. మన మ్యూజియాల్లో పాత లేబుళ్లు ఎలా ఉంటాయో చూసే ఉంటారు: "డ్రమ్ శ్లాబ్, లైమ్‌స్టోన్, క్రీ.శ. రెండో శతాబ్దం." చదివినవాడికి ఏం అర్థమవుతుంది? నేను పనిచేసిన చోట ఒక లేబుల్‌ని ఇలా మార్చాం: "స్తూపం నడుము చుట్టూ తాపడం చేసిన పలకల్లో ఇది ఒకటి. ఇందులో చెక్కింది కూడా స్తూపాన్నే. ముందున్న అయిదు స్తంభాలు చూడండి, అవి స్తూపం ముంగిట నిలిపే ఆయక స్తంభాలు. ఆ కాలంలో ఇక్కడికి వచ్చినవాళ్లు ఏం చూశారో ఇప్పుడు మీరు అదే చూస్తున్నారు." అంతే. అంతకుముందు ఆగకుండా సాగిపోయేవాళ్లు ఆగి, స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పిల్లలకు చదివి వినిపించే అమ్మలు కనబడ్డారు.

ఢిల్లీలో గోడ మీద హిందీ, ఇంగ్లీషు సరే. మన శిల్పం దగ్గర తెలుగులో నాలుగు వాక్యాలు, తంజావూరు కంచు విగ్రహం దగ్గర తమిళంలో నాలుగు వాక్యాలు ఉంటే జాతీయ అన్న మాటకు తగినట్టుంటుంది. ఫోన్‌తో స్కాన్ చేసి వినే సౌకర్యం పెట్టడం ఈ రోజుల్లో పెద్ద ఖర్చు కాదు.

నేషనల్ మ్యూజియం చేసిన ఒక మంచి పని కూడా చెప్పాలి. చూపు లేనివాళ్లు తాకి తెలుసుకునేలా నకళ్లతో 'అనుభవ్' అనే గ్యాలరీ పెట్టింది. దాన్ని చూశాకే మేము ఇక్కడ చిన్న ఎత్తున ప్లాస్టర్ నకళ్లు చేయించి అంధ విద్యార్థులను పిలిచాం. అమరావతి తొలి శిల్పాల్లో బుద్ధుడి రూపం ఉండదు, ఖాళీ సింహాసనం, కింద పాదాలు మాత్రం ఉంటాయి. ఒక పాప సింహాసనం మీది మెత్తను తడిమి, పాదాలను తడిమి, "ఇక్కడ ఎవరూ కూర్చోలేదు గదా సార్, అందరూ ఎవరికి దణ్ణం పెడుతున్నారు?" అంది. కళ్లున్న ఎందరో ఆ ఖాళీని గమనించకుండానే వెళ్లిపోయారు. ఢిల్లీ ఒక దారి చూపిస్తే జిల్లాలో ఏం జరగొచ్చో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

మన వంతు

కృష్ణ ఒడ్డున ఒక ఊరి రైతు మా దగ్గరికి వచ్చాడు. పొలంలో చెక్కడం రాయి బయటపడింది, చెబితే పొలం లాక్కుంటారని భయం. చాలామంది భయం ఇదే. ఒక రాయి దొరికినంత మాత్రాన పొలం పోదు. రక్షిత ప్రదేశంగా ప్రకటించడానికి పెద్ద తతంగం ఉంటుంది. భూమిలో దొరికిన పాతకాలపు వస్తువు గురించి కలెక్టరుకు తెలియజేయాలని 1878 నుంచే చట్టం ఉంది. తహసీల్దారు దగ్గరికి వెళ్లినా పని మొదలవుతుంది. ఆయన చెప్పాడు, అధికారులు వచ్చారు, రాయి మ్యూజియం చేరింది, కింద ఆయన ఊరి పేరు రాశాం. తర్వాత మనవళ్లను తీసుకొచ్చి చూపించాడు.

ఇలాంటివి దొరికితే దయచేసి ఆసిడ్‌తో కడగకండి, ఎనామిల్ రంగు వేయకండి, సిమెంటుతో అతికించకండి. మట్టితోనే ఉండనిచ్చి, ఉన్నచోటే ఫోటో తీసి చెప్పండి. వందేళ్లు దాటిన విగ్రహం ఇంట్లో ఉంటే 1972 చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించుకోవాలి. చేయిస్తే అది మీ దగ్గరే ఉంటుంది, దొంగలెత్తుకెళ్తే వెతకడానికి ఆధారమూ ఉంటుంది.

ఇక మీ అబ్బాయి విషయం. దారి ఉంది, కానీ ఉద్యోగాలు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. ఆ సంగతి ముందే తెలిసి రావాలి. డిగ్రీ అయ్యాక మ్యూజియాలజీలో (మ్యూజియం నిర్వహణ) గాని, కన్సర్వేషన్‌లో (పాత వస్తువులు పాడవకుండా కాపాడే పని) గాని పీజీ చేయొచ్చు. నేను పైన చెప్పిన నేషనల్ మ్యూజియం విద్యాసంస్థే ఇప్పుడు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌గా నోయిడాలో ఉంది. కెమిస్ట్రీ మీద ఇష్టం ఉంటే కన్సర్వేషన్ వైపు వెళ్లడం మంచిది, ఆ పని తెలిసినవాళ్లు దేశంలో చాలా తక్కువ. ఈలోపు బ్రాహ్మీ లిపి నేర్చుకోమనండి. ఖాళీ సమయంలో కూర్చుంటే కొద్ది నెలల్లో వస్తుంది, అప్పుడు అమరావతి రాళ్ల మీద దాతల పేర్లు తనే చదువుకోగలడు.

చూడటం మాత్రం ఈ వరసలో మొదలుపెట్టమనండి. ముందు అమరావతి మ్యూజియం, శుక్రవారం సెలవు. తర్వాత బాపు మ్యూజియంలో అల్లూరులో దొరికిన బుద్ధ విగ్రహం. ఆ తర్వాత విజయపురి సౌత్ నుంచి లాంచీలో నాగార్జునకొండ, దానికి పూర్తి రోజు కేటాయించాలి. అక్కణ్ణుంచి చెన్నై ఎగ్మూరులో అమరావతి గ్యాలరీ, భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతు పేటికలు (పవిత్ర అవశేషాలు దాచిన పెట్టెలు). వెళ్లలేనివాటికి 'మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా' పోర్టల్ ఉంది. నేషనల్ మ్యూజియం, సాలార్‌జంగ్ మ్యూజియం సేకరణల్లోంచి చాలా వస్తువుల ఫోటోలు, వివరాలు అందులో పెట్టారు. ప్రతిచోటా ఒక్క శిల్పం ఎంచుకుని, దాని ముందు కూర్చుని చేత్తో బొమ్మ వేయమనండి. ఫోటో తీస్తే చాలదు. వేసినవి ఇక్కడ పెడితే నేను చూసి, ఏం గమనించాడో, ఏం వదిలేశాడో రాస్తాను.